మౌనికను సాగనంపడానికి శంషాబాద్ వెళ్లాను

శంషాబాద్ అంటే మా తెనాలిలో ఇప్పుడు అందరికీ విమానాశ్రయమే. నాకు మాత్రం అది ఒక రైలు గేటు. మా నాన్న ఉందానగర్ స్టేషన్‌కు కాస్త ఇవతల గేటు దగ్గర పనిచేసేవారు. గేటుకు ఒకవైపు మా క్వార్టరు, రెండోవైపు జొన్న చేలు దాటితే లంబాడీల తాండా. ఆ తాండా నుంచి మేకలు తోలుకుని వచ్చే కమ్లి నా చిన్ననాటి స్నేహితురాలు. రైలు వెళ్లేదాకా గేటు మూసి ఉంటే కమ్లి, దాని మేకలు, నేను ఒకేచోట నిలబడేవాళ్లం. స్నేహం అలా మొదలైంది.

తర్వాత కమ్లికి పెళ్లయింది. నాన్నకు బదిలీ అయింది. నాకూ పెళ్లయింది. ఏళ్ల తరబడి ఒకరి జాడ ఒకరికి తెలియలేదు. ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాక, నాన్నతో పనిచేసినాయన కొడుకు ద్వారా కమ్లి మళ్లీ దొరికింది. అప్పటినుంచి ఆదివారాలు మాట్లాడుకుంటున్నాం కానీ, మనిషిని మనిషి చూసుకోలేదు.

ఈ వానాకాలంలో ఒక ఆదివారం కమ్లి అంది: "మా చిన్నది పోతున్నది వనజా. నౌకరి అగర్తలాల పడ్డదట. అది యాడున్నదో నాకెర్క లేదు. నీ లైబ్రరీల దొరుకుతదేమో జర చూసి చెప్పు."

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా మా శాఖా గ్రంథాలయం పెట్టిందే. నాకో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. మధ్యాహ్నం దానికి షట్టరు దించేసి నేను వెళ్లి కూర్చునేది చరిత్ర బీరువా పక్కన. ఆ బీరువాలో నేను చేయి పెట్టని పుస్తకం లేదని గర్వంగానే చెప్పగలను. పెద్ద అట్లాసు తీయించి అగర్తలా చూశాను. బంగ్లాదేశ్‌ను ఆనుకుని, మన దేశానికి అటు చివర ఉంది. కమ్లికి అలాగే చెప్పాను.  "అయితే నువ్వు రావాలె," అంది.

అలా బయలుదేరాను.

ఉందానగర్

లోకల్ రైలు దిగి ముందు మా గేటు కోసం వెతికాను. లేదు. జొన్న చేలున్న చోట అపార్టుమెంట్లు, వాటి మధ్య ప్లాట్ల బోర్డులు. మా క్వార్టరు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టడానికి ఒక పెద్ద బండరాయి మాత్రం మిగిలింది. అమ్మ దానిమీద వడియాలు పెట్టేది. ఇప్పుడు దానిమీద ఎవరో సెల్ ఫోన్ రీచార్జి ప్రకటన రాయించారు. కాసేపు దాని పక్కన నిలబడ్డాను. ఎండకు రాయి వేడిగా ఉంది, అప్పట్లాగే.

స్టేషన్ బయట హోటల్లో చాయ్ పదిహేను రూపాయలు. మా వైపు టీలో పాలు వెతుక్కోవాలి. ఇక్కడ నీళ్లు వెతుక్కోవాలి. రెండు ఉస్మానియా బిస్కెట్లు అడగకుండానే ముందు పెట్టారు. తింటే డబ్బు, తినకపోతే వెనక్కి. ఈ మర్యాద మా ఊరి హోటళ్లు నేర్చుకుంటే బాగుండు.

ఆటో ఆయన పేరు ఖాజా భాయ్. నెరిసిన గడ్డం, హుషారైన మనిషి.

"యాడికి పోవాలె అక్కా?"

"మామిడిపల్లి దాటాక ఒక తాండా ఉందటండీ. అక్కడికి వెళ్లాలండీ. ఎంతవుతుందండీ?"

"గిన్ని అండీలు పెడితే కిరాయి ఎక్కువెట్ల చెప్పాలె అక్కా? జర తక్కువ పెట్టు, నా బతుకు నన్ను బతకనియ్యి!"

మూడు వందలు అన్నాడు. రెండున్నరకు ఒప్పుకున్నాడు. దారి పొడవునా, ఇదిగో ఇక్కడ చెరువుండేది, ఇదిగో ఇక్కడ మామిడి తోట ఉండేది అని, ఇప్పుడు లేనివన్నీ చూపిస్తూ తీసుకెళ్లాడు. నేను కూడా నాకు గుర్తున్నవి చూపించాను. ఇద్దరం కలిసి కంటికి కనిపించని ఊరొకటి తిరిగినట్టయింది.

తాండాలో

కమ్లి తన అత్తవారి తాండాలో, వాకిట్లో నిలబడి ఉంది. లావెక్కింది. జుట్టు తెల్లబడింది. కానీ నడుం మీద చేయి పెట్టుకుని తల పక్కకు వాల్చే తీరు, మేకల వెనక నిలబడినప్పటిదే.

"ఏంది వనజా, గిట్ల బక్కగైనవు? పుస్తకాలే తింటున్నవా?" అని పట్టుకుంది.

తాండాలో ఇప్పుడు అన్నీ స్లాబు ఇళ్లే. మోటారు సైకిళ్లు, వాటర్ ప్లాంటు, ఒక చిన్న సేవాలాల్ గుడి. ఇళ్ల మీదుగా విమానాలు ఎంత కిందుగా పోతాయంటే, వాటి చక్రాలు లోపలికి ముడుచుకోవడం కనిపిస్తుంది. అప్పుడు మాట వినపడదు. అందుకని తాండా వాళ్లు ఒక పద్ధతి అలవాటు చేసుకున్నారు. విమానం వచ్చిందంటే వాక్యం మధ్యలో ఆగిపోతారు, అది వెళ్లాక ఆపిన మాట దగ్గరే అందుకుంటారు. పోట్లాడుకునేవాళ్లు కూడా అంతే. రెండో రోజుకల్లా నాకూ అబ్బింది.

కమ్లి అత్తగారు సోమ్లీ బాయి మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. తాండాలో అద్దాల పావడా కట్టి, చెంపల పక్కన వెండి ఘుగ్రీలు వేలాడదీసుకునేది ఇప్పుడు ఆమె ఒక్కతే. కోడళ్లంతా చీరలు, మనవరాళ్లంతా చుడీదార్లు.

నాకు తెలిసింది చెప్పకపోతే ఊపిరాడదు. లంబాడీలు వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగేవారని, పాదుషాల సైన్యాలకు తిండి మోసింది వాళ్లేనని, వాళ్లు రాకపోతే యుద్ధాలే ఆగిపోయేవని, నేను చదివిందంతా చెప్పాను.

సోమ్లీ బాయి కళ్లు మెరిశాయి. "గట్ల రాసిండ్రా బుక్కుల? ఇంకేం రాసిండ్రు బిడ్డా?"

రైళ్లు వచ్చాక ఎడ్ల మీద సరుకు ఎవరికీ అక్కరలేకపోయిందనీ చెప్పాను.

"అయితే మీ నాయన గేటే మా కొంప ముంచింది!" అంది ముసలామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

భోజనానికి జొన్న బాటి, నాటుకోడి పులుసు. బాటి అంటే రొట్టే. నేను చేయబోయి మొదటిది పెనం మీదే చింపాను, రెండోది మాడ్చాను. కమ్లి అత్తగారు ఆ మాడిన ముక్క ఎత్తి చూసి, "గుంటూరు పటం లెక్క ఉన్నది," అంది. ఇంట్లో నాకు అన్నం లేని పూట ఉండదు. ఇక్కడ మూడు పూటలా బాటి తిన్నా ఒంట్లో బరువు తెలియలేదు.

సాయంత్రం మౌనిక వచ్చింది. కమ్లి రెండో కూతురు. సన్నగా, గట్టిగా, మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టుతో. విమానాశ్రయాల్లో మంటలార్పే దళంలో ఉద్యోగం. ఎక్కడైనా విమానానికి నిప్పంటుకుంటే, సైరన్ మోగిన నిమిషాల్లో దాని దగ్గరికి చేరే ఆ పెద్ద బండిని ఈ అమ్మాయి నడుపుతుంది. మనిషంత బరువున్న బొమ్మను భుజాన వేసుకుని పరుగెత్తే పరీక్ష నెగ్గింది. తాడు పట్టుకుని పైకి పాకింది. లారీ లైసెన్సు తీసింది. శిక్షణ పూర్తయింది. తాండాలో మొదటిసారి విమానం ఎక్కబోయేది కూడా ఈమే.

"మీ తాతలు ఎడ్ల బిడారు నడిపారు, నువ్వు ఫైర్ బండి నడుపుతున్నావు," అన్నాను.

"ఎడ్లకు డీజిల్ ఖర్చు లేదు చిన్నమ్మా," అంది.

మౌనిక దాదీ అని పిలిచే సోమ్లీ బాయి ఆమె తల తడిమి మూతి తిప్పింది. "గీ కోడిపుంజు జుట్టుకు ఘుగ్రీలు యాడ కట్టాలె?"

గుట్ట మీద

పొద్దు వాలుతుండగా మౌనిక నన్ను తాండా వెనక గుట్ట మీదికి తీసుకెళ్లింది. పెద్ద పెద్ద బండరాళ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. అక్కడినుంచి రన్‌వే మొత్తం కనిపిస్తుంది. చిన్నప్పుడు ఆమె మేకలు కాసిన చోటట.

"చిన్నమ్మా, అమ్మ పెండ్లికి నువ్వున్నవంట కదా. ఢావ్లో విన్నవా?" అని అడిగింది.

విన్నాను. మరిచిపోయేది కాదు. మా వైపు పెళ్లిలో అప్పగింతలప్పుడు పాడేది ముత్తయిదువలు. పెళ్లికూతురు తల వంచుకుని కన్నీళ్లు పెట్టుకుంటుంది, అంతే. లంబాడీల్లో పాడేది పెళ్లికూతురే. తల్లి మెడ పట్టుకుని, తండ్రి మెడ పట్టుకుని, అన్నదమ్ముల్ని, ఇరుగుపొరుగుల్ని పట్టుకుని, ఒక్కొక్కరికీ తాను చెప్పదలచింది రాగం తీసి ఏడుస్తూ చెబుతుంది. ఆమె అందరినీ ముగించేదాకా ఊరుకో అనకూడదు. అదే ఢావ్లో. ఆ రోజు కమ్లి మా గేటు దాకా వచ్చి నన్ను కూడా పట్టుకుని పాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దానికంటే ఎక్కువ నేనే ఏడ్చాను.

"నాకు గా ఢావ్లో కావాలె," అంది మౌనిక. "నేను పోయేటప్పుడు."

నేను ఆశ్చర్యపోయాను. ఢావ్లో పెళ్లికే కదా.

"నన్ను ఐదో తరగతిల హాస్టల్‌ల ఏసిండ్రు. ఎవ్వరేడ్వలే. ఏడిస్తే పిల్ల ఉండదని అమ్మ మొఖం తిప్పుకున్నది. ఇంటర్‌కు పోయిన, డిగ్రీకి పోయిన, ట్రైనింగ్‌కు పోయిన. అప్పుడూ ఎవ్వరేడ్వలే. ఈ నౌకరి వచ్చిందంటే స్వీట్లు పంచిండ్రు. మా అక్క పెండ్లయి పక్క మండలానికి పోతే తాండంత ఏడ్చిండ్రు చిన్నమ్మా! బస్సెక్కితే గంట దూరం! నేను గంత దూరం పోతున్న. ఇల్లు విడిచి పోవుడంటే పెండ్లొక్కటేనా? నేను కూడ ఒక్కొక్కరికి చెప్పాలె కద, నాకేం చేసిండ్రో."

ఒక విమానం లేచింది. ఆగాం. అది వెళ్లిపోయింది.

"దాదిని అడిగిన. నేర్పనన్నది. దాది మొదలుపెట్టకుంటే తాండల ఎవ్వరూ గొంతు కలపరు. హాస్టల్‌ల పెరిగినదాన్ని, నాకు రాదు. అందుకే ఫోన్‌ల చూసి నేర్చుకుంటున్న." చెవికి ఫోన్ ఆనించుకుని కొంచెం పాడింది. గొంతు బాగుంది. ఆ వీడియో మహారాష్ట్ర వైపు ఎవరిదోనట. నాకు గుర్తున్న కమ్లి రాగంలా లేదు. అయినా పాట గురించి చెప్పడానికి నేనెవరిని అని ఊరుకున్నాను.

రాత్రి వంటింట్లో కమ్లిని అడిగాను, ఆ రోజు గేటు దగ్గర నన్ను పట్టుకుని ఏం పాడావని.

"నీ ఎర్ర రిబ్బను నా తాననే ఉన్నదని పాడిన," అంది పొయ్యి ఊదుతూ. "ఇద్దామనుకున్న. మంచిగుండె, ఇయ్యబుద్ధి కాలె."

శంషాబాద్ బజారు

మర్నాడు అందరం బజారుకు వెళ్లాం. అగర్తలాలో వాన ఎక్కువని నేను చదివి చెప్పినందుకు రెయిన్‌కోటు కొన్నారు, ఆరు వందల యాభై. నేను షాపుకని పూసల దండలు బేరం చేశాను. మా హోల్‌సేల్ ధర కంటే తక్కువ. అయితే సంచి విప్పి చూసుకుంటే సగం దండలకు కొక్కేలే లేవు. ఆ బాధ ఇంకా ఉంది.

తర్వాత యూసుఫ్ భాయ్ దర్జీ దుకాణం. పాతికేళ్లుగా తాండా వాళ్ల బట్టలన్నీ ఆయన మిషను కిందే. మౌనిక యూనిఫాం ప్యాంటు నడుం దగ్గర వదులని బిగించడానికి ఇచ్చారు. సోమ్లీ బాయి కూడా వచ్చింది. గడపలో కూర్చుంది, దారిన పోయే ప్రతివాళ్లూ ఆమె అద్దాల పావడాను తిరిగి చూస్తున్నారు.

"దావత్ ఎప్పుడు బాయీ?" అన్నాడు యూసుఫ్ భాయ్.

"దావత్ లేదు, పెండ్లి లేదు. పిల్ల నౌకరికి పోతున్నది," అంది ముసలామె.

"యాడికి?"

"ఇగో, ఈమెనడుగు. పుస్తకాలల్ల చూసింది."

నేను మళ్లీ అగర్తలా ఎక్కడో చెప్పాను. ఆయన మిషను ఆపాడు. అరలోంచి ఆకుపచ్చ గుడ్డ ముక్క ఒకటి తీసి, అందులో ఒక నాణెం పెట్టి మడిచి, నాలుగు కుట్లు వేశాడు. "ఇమామ్ జామిన్. దూరం పోయేటోళ్ల జబ్బకు కడతం. ఊరు చేరినంక విప్పి, ఆ పైస ఎవరికన్న లేనోళ్లకు ఇయ్యాలె. మా పెద్దోడు దుబాయి పోయినప్పుడు కట్టిన. మా బిడ్డ పెండ్లప్పుడు కూడ కట్టిన."

"పెళ్లికూతురికీ, ప్రయాణం వెళ్లేవాళ్లకీ ఒకటేనా?" అని అడిగాను.

"పోయేటోళ్లే కదమ్మా ఇద్దరూ."

మౌనిక చేయి చాచింది. ఆయన ఇంట్లోంచి భార్యను పిలిపించాడు. ఆవిడ వచ్చి, పెదవుల్లో ఏదో చదువుతూ మౌనిక కుడి జబ్బకు కట్టి, నుదురు ముద్దు పెట్టుకుంది.

మౌనిక నాయనమ్మ వైపు చూసింది. "చూసినవా దాదీ?"

"చూసిన, చూసిన. నాకు కండ్లున్నయి." సోమ్లీ బాయి లేచి నిలబడింది. "వాళ్లది గుడ్డ ముక్క. ఊరు చేరంగనే విప్పుతరు. మాది నోటి మాట. విప్పరాదు."

ఆటోలో నేను మెల్లగా అడిగాను, ఢావ్లో పాడాలంటే ఎందుకంత భయమని. ముసలామె బయటికి చూస్తూ చెప్పింది. ఢావ్లో చివర పిల్ల, "నేనిక పరాయిదాన్నా?" అని పాడుతుంది. అప్పుడు ఇంటి పెద్ద, "అవును బిడ్డా, వెళ్లు, ఇక అదే నీ ఇల్లు," అని పాటలోనే జవాబియ్యాలి. ఆ జవాబు పడ్డాక పిల్ల పుట్టింటిది కాదు. దేవుడి దగ్గర ఆ ఇంటి మనుషులతో కలిపి ఆమె పేరు చెప్పరు.

"నేను నలుగురు ఆడబిడ్డలకు ఆ మాట చెప్పిన. ఇద్దరు మనవరాండ్లకు చెప్పిన. అవుతల వాళ్లను చేతుల పెట్టుకోనీకి ఒక ఇల్లున్నది కాబట్టి చెప్పిన. దీనికి అవుతల ఎవరున్నరు? ఏ ఇంటికి పో అనాలె? ఇక్కడ తెంపి గాలిల ఇడిచిపెట్టాల్నా దీన్ని?"

పెళ్లి పాటల గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ సంగతి ఎక్కడా రాయలేదు.

విమానాశ్రయం

విమానం మూడో రోజు మధ్యాహ్నం. కలకత్తాలో మారాలి. తాండా నుంచి రెండు తుఫాన్ బండ్లు కట్టుకుని బయలుదేరాం. ముందు దానిలో మౌనిక నాన్న శంకర్. మొత్తం ప్రయాణంలో ఆయన నాతో మాట్లాడింది ఒకే మాట: "ఆడ చలి పెడతదా?" పెద్దగా పెట్టదని చెప్తే తల ఊపాడు.

మొదట మేం దిగేవాళ్ల అంతస్తుకు వెళ్లాం. బొకేలు పట్టుకున్నవాళ్ల మధ్య మేం సంచులు పట్టుకుని నిలబడ్డాం. మౌనిక పోయేది ఇక్కడినుంచి కాదని ఒకాయన చెప్పాక లిఫ్టుల్లో విడతలు విడతలుగా పైకి చేరాం. అక్కడ టీ తాగుదామని ధర అడిగాను. రెండు వందల పైన చెప్పారు. ఉందానగర్‌లో ఆ డబ్బుతో మాతో వచ్చినవాళ్లలో సగం మంది తాగొచ్చు. నీళ్లు తాగి వచ్చాను.

అద్దాల తలుపుల ముందు టికెట్టు చూపిస్తేనే లోపలికి. కాబట్టి వీడ్కోలు బయటే. సోమ్లీ బాయి ఉదయం నుంచీ తొందర పెడుతూనే ఉంది. "పెట్టె తీసిండ్రా? తిననీకి చుర్మా పెట్టిండ్రా? ఇగ పో బిడ్డా, పో, ఆలస్యమైతది." ఏ సందు ఇవ్వకూడదన్నట్టు.

మౌనిక పెట్టె పక్కన పెట్టింది. అమ్మ మెడ పట్టుకుంది. పాడడం మొదలుపెట్టింది.

ఆ గొంతు అద్దాలకు తగిలి అంత చోటా వినిపించింది. ట్రాలీలు ఆగాయి. కమ్లి కూతుర్ని పట్టుకుంది కానీ గొంతు కలపలేదు. అత్త వైపు చూసింది. తాండా ఆడవాళ్లందరూ అటే చూశారు. సోమ్లీ బాయి రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉంది. మౌనిక ఒక్కతే పాడుతోంది. రెండో వరుసకు రాగం తప్పింది, మళ్లీ అందుకుంది, మాట మరిచింది. మొహం ఎర్రబడింది. ఇక ఆపేస్తుందని నేను అనుకున్నాను. ఆపేస్తే మళ్లీ ఎప్పటికీ అడగదని కూడా అనిపించింది.

భద్రతా విధుల్లో ఉన్న ఒక మహిళా జవాను దగ్గరికి వచ్చింది. పేరు తెలియదు కానీ మర్యాదైన మనిషి. "ఏంటమ్మా, అమ్మాయిని బలవంతంగా పంపిస్తున్నారా?"

"మేం పంపుతలేం మేడం," అంది కమ్లి కళ్లు తుడుచుకుంటూ. "ఆమెనే పోతున్నది."

మౌనిక మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తండ్రి మెడ పట్టుకుని.

"ఛీ!" అన్నారెవరో. అందరం ఉలిక్కిపడ్డాం. సోమ్లీ బాయి ఇటు తిరిగింది. "ఎవలు నేర్పిండ్రే నీకు? ఇది యాడి రాగం? మనది గిట్ల కిందికి జారుతదా? మా తాండ పిల్ల పరాయోళ్ల ఏడుపు ఏడుస్తుంటే నలుగురు ఇంటున్నరు, ఇజ్జత్ పోతున్నది!"

"నువ్వు నేర్పితివా మరి?" అంది మౌనిక. ఏడుస్తూనే.

ముసలామె మనవరాలి రెండు భుజాలు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. కళ్లు మూసుకుంది. ముందు ఒక పొడవాటి నిట్టూర్పు తీసింది, కడుపులోంచి. ఆ నిట్టూర్పు చివరే రాగమైంది. అది నాకు తెలిసిన రాగం. గేటు దగ్గర విన్నది.

ఆమె ఒక వరుస అందిస్తే మౌనిక దాన్ని అందుకుని తన మాటలు పెట్టింది. ఇప్పుడు ఆడవాళ్లందరూ కలిశారు. కమ్లి పాడుతూనే మధ్యమధ్య నా చెవిలో చెబుతోంది. అమ్మా, హాస్టల్ గేటు దగ్గర నువ్వు మొఖం తిప్పుకున్నవు, నీ వీపు ఏడుస్తుంటే నేను చూసిన. నాయనా, లారీ నేర్పనీకి ఎవ్వరూ ఒప్పకుంటే నీ బండి తాళం నా చేతుల పెట్టినవు. శంకర్ తల కిందికి వేలాడేసి, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది. నా దగ్గరికి కూడా. నాకేం పాడిందో కమ్లి చెప్పే స్థితిలో లేదు.

చివరికి నాయనమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ ఆఖరి ప్రశ్న పాడింది. నేనిక పరాయిదాన్నా?

అందరూ ఆగారు. జవాబు ఆమె ఒక్కతే ఇవ్వాలి.

పైనుంచి విమానం ఒకటి పోయింది. అది పోయాక సోమ్లీ బాయి పాడింది. తాండా ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక ముసలావిడ, "గట్ల అనరు గదా!" అంది పైకే.

"ఏమంది?" అని కమ్లిని కుదిపాను.

"'కాదు' అన్నది," అంది కమ్లి. "'కాదు బిడ్డా. ఇదే నీ ఇల్లు. పనికి పో. పని చేసుకొని ఇంటికి రా' అన్నది. ఎవ్వరూ గట్ల పాడలే వనజా. నేను పుట్టినంక ఇనలే."

మౌనిక కిందికి వంగి ఆమె పాదాలు పట్టుకుంది. లేచి, పెట్టె తీసుకుని, టికెట్టు చూపించి లోపలికి నడిచింది. అద్దంలోంచి పొట్టి జుట్టు కాసేపు కనిపించింది, తర్వాత జనంలో కలిసిపోయింది. మహిళా జవాను టోపీ సర్దుకుంటూ అటు తిరిగింది.

తిరుగు దారి

తుఫాన్ బండి ఎక్కి తాండాకు బయలుదేరాం. మైలార్‌దేవ్‌పల్లి వైపు నుంచి వచ్చిన బంధువులు వేరే బండిలో మళ్లిపోయారు. మామిడిపల్లి దగ్గర పడుతుండగా, ఇందాక అభ్యంతరం చెప్పిన ముసలావిడే నోరు తెరిచింది.

"సోమ్లీ, అందరి ముంగట 'ఇదే నీ ఇల్లు' అంటివి. ఒకసారి ఢావ్లోల పడ్డ మాట వెనుకకు రాదాయె. రేపు దీని పెండ్లికి ఏం పాడుతవు? అత్తగారింటికి ఎట్ల తోలుతవు?"

కమ్లి భయంగా అత్త వైపు చూసింది. ఆ మాట నిజమే, ఎవరికీ అప్పటిదాకా తట్టలేదు. సోమ్లీ బాయి కళ్లు మూసుకుని సీటుకు ఆనుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాం.

"దీన్నెందుకు తోలుతం?" అంది కళ్లు తెరవకుండానే. "చేసుకునేటోడు వస్తడు మా తాండకు. వాని అవ్వను పాడుకోమను."